విదాల్ చూసిన వైపు

అగపీత పినో గోడలు మెత్తే మనిషి. మా అమ్మా ఆమే ఒకే గోత్రం, ఆమె పెద్దది, కాబట్టి నాకు పెద్దమ్మ. ఏటా ఎండాకాలంలో, పండుగకు ముందు, సాంతా ఫే వైపున్న మా ఆదివాసుల ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరి గోడలు వాళ్ళు మట్టితో మెత్తుకుంటారు. చర్చి గోడలూ, చేతకాని ముసలివాళ్ళ ఇళ్ళూ మాత్రం ఇద్దరి మీదే పడేవి. ఒకరు మా పెద్దమ్మ. రెండో ఆవిడ లుగార్దా, పెద్దమ్మ కంటే పన్నెండేళ్ళు పెద్దది. గోధుమగడ్డి కలిపిన మట్టిని కాళ్ళతో తొక్కి, అరచేత్తో గోడకి కొట్టి, గొర్రెతోలు ముక్కతో నునుపు చేస్తూ ఇద్దరూ పొద్దుగూకే దాకా నిచ్చెనల మీదే ఉండేవాళ్ళు.

పని నేర్చుకుందామని రెండేళ్ళు నేనూ వెంట వెళ్ళాను.

"ఏమే, గోడ మెత్తుతున్నావా, గోడతో దెబ్బలాడుతున్నావా? అది నీ మొగుడు కాదు, నెమ్మదిగా రుద్దు," అనేది పెద్దమ్మ పైనుంచి.

"మొగుణ్ణయితే గట్టిగా రుద్దొచ్చన్నమాట," అనేది లుగార్దా కిందనుంచి. నాకప్పటికి పెళ్ళే కాలేదు. వాళ్ళిద్దరూ మాత్రం నిచ్చెనలు ఊగేలా నవ్వుకునేవాళ్ళు.

పెద్దమ్మ ఉండేది వాళ్ళ నాన్న కట్టిన ఇంట్లోనే. ఊరి నడిమైదానానికి దక్షిణం పక్క, ఒకే అంతస్తు. మైదానం వైపు గోడలో ఒకప్పుడు కిటికీ ఉండేది. దాన్ని పచ్చి ఇటుకలతో మూసేసి అప్పటికే యాభై ఏళ్ళు కావస్తోంది. ఎంత బాగా మెత్తినా సరే, చలి మొదలయ్యేసరికి ఆ ఇటుకల చుట్టూ సన్నటి పగులు పట్టి, గోడ మీద మళ్ళీ కిటికీ ఆకారం తేలేది. ఊరంతటికీ గోడలు సరిచేసే మనిషి తన గోడ మీది ఆ నలుచదరాన్ని చెరపలేకపోయింది. ఆ గోడకి ఆనుకుని కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. లోపలినుంచి ఎవరో కూనిరాగం తీస్తున్నట్టుంటుందని ఒకసారి మా అమ్మతో అందట. పగుల్లోంచి గాలి దూరుతోందని మా అమ్మ సర్దిచెప్పబోయింది.

"గాలికి పాట ఎలా వస్తుందే?" అందట పెద్దమ్మ.

ఆ కిటికీ మూసింది వాళ్ళ నాన్న, విదాల్ పినో. మంచి గొంతు. డప్పు చుట్టూ నిలబడే పాటగాళ్ళలో ముందు వరస మనిషి. కొత్త పాటలు కట్టేవాడు కూడా. వయసులో ఉండగా రైలు పట్టాల పనికి వెళ్ళి ఇంగ్లీషు నేర్చుకుని వచ్చాడు. ఆ ఇంగ్లీషే అతని కొంప ముంచింది.

1924 వసంతంలో ఒక తెల్లాయన పెద్ద కెమెరా పెట్టె, ఫోటోలు పడే గాజు పలకల పెట్టెలూ వేసుకుని మా ఊరొచ్చాడు. నల్లగుడ్డలో తల దూర్చి చూసేవాడు కాబట్టి జనం అతన్ని నల్లగుడ్డాయన అన్నారు. పెద్దలు ఆలోచించుకుని ఉండనిచ్చారు. కుండలు చేసేవాళ్ళని, రొట్టెలు కాల్చేవాళ్ళని, పిల్లల్ని ఫోటో తీసుకోవచ్చు. మైదానంలో డప్పుకి ఆడే మా పవిత్రమైన ఆటని తీయకూడదు. మాట కలపగలిగింది విదాల్ కాబట్టి బస అతని ఇంట్లోనే. కొన్నాళ్ళుండి వెళ్ళిపోయాడు, కోతల తర్వాత మళ్ళీ వచ్చాడు.

ఆ ఆట ఏదో, ఎప్పుడు ఆడతారో నేను చెప్పను. బయటివాళ్ళు ఊళ్ళో ఉండకూడని రోజని తెలిస్తే చాలు. ఆ రోజుకి రెండు రోజుల ముందే విదాల్ బండి కట్టి, నల్లగుడ్డాయన్ని పెట్టెలతో సహా రైలు స్టేషన్‌లో దింపి వచ్చాడు. బండి వెళ్ళడం ఊరంతా చూసింది.

మరుసటి ఏడు లుగార్దా తండ్రి ఫెర్మీన్ ఉన్ని అమ్ముకోవడానికి స్టేషన్ దాకా వెళ్ళాడు. అక్కడి కొట్లో అమ్మకానికి వరసగా తగిలించిన ఫోటో కార్డుల్లో ఒకదాని మీద మా ఆట కనిపించింది. చుట్టూ ఉన్నదంతా కోసేసి, నలుగురైదుగురు ఆటగాళ్ళని మాత్రం ఉంచి, పైన రంగులు అద్దారు. ఫెర్మీన్ ఆ కార్డు తెచ్చి పెద్దల ముందు పెట్టాడు.

విదాల్‌ని పిలిచారు. స్టేషన్‌లో దింపాక ఆ మనిషితో తనకు ఏ సంబంధమూ లేదన్నాడు. బస ఎవరింట్లో అని అడిగారు. మా ఇంట్లోనే అన్నాడు. మైదానం వైపు కిటికీ నీకుందా లేదా అన్నారు. ఉందన్నాడు. నువ్వు కాకపోతే మరెవరు చెప్పమన్నారు. అప్పుడు విదాల్ నేల చూస్తూ నిలబడిపోయాడు. ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నారు. కార్డు కాల్చేశారు. విదాల్‌ని పాటగాళ్ళ వరసలోంచి తీసేశారు. అతను కట్టిన పాటలు ఇక ఎవరూ పాడకూడదన్నారు.

ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఆ కిటికీ వంక ఒక చూపు చూసి, మొహం తిప్పుకుని పోయేవాళ్ళు. నెల తిరక్కుండా విదాల్ దాన్ని తన చేత్తోనే మూసేశాడు. తప్పు చేసినవాడే దాచుకుంటాడంది ఊరు.

పెద్దమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. మొక్కజొన్న చేలోకి నాన్నకి అన్నం తీసుకెళ్తుంటే దూరంనుంచే పాట వినపడేదట. అడుగుల చప్పుడు వినగానే ఆగిపోయేదట. కూతురి ముందు కూడా పాడటం మానేశాడు. ఒకరోజు పెద్దమ్మ తల్లి విదాల్‌ని నిలదీసింది. నువ్వు కాకపోతే ఆ చేసినవాళ్ళెవరో చెప్పి చావొచ్చు కదా అంది. పక్కగదిలో రొట్టెల పిండి పిసుకుతున్న పెద్దమ్మ నాన్న జవాబు విన్నది.

"కడుపు చించుకుంటే మన కాళ్ళమీదే పడుతుంది. వదిలెయ్."

ఆ మాట విన్నాక పెద్దమ్మ కూడా నమ్మేసింది, నాన్నే చేశాడని. ఆ సంగతి యాభై ఏళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు.

1932 చలికాలంలో విదాల్ గొర్రెల్ని దించుకు రావడానికి కొండ మీదికి వెళ్ళాడు. మంచు పడింది. గొర్రెలు వాటంతటవే ఊరు చేరాయి. మూడో రోజు మనుషులు వెళ్ళి చూస్తే బండకి ఆనుకుని, ఊరి వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడట, మీసాల మీద మంచుతో. పాట లేకుండా పూడ్చారు.

తర్వాత ఆ ఇంటి గడప తొక్కిన మొదటి మనిషి లుగార్దా. మట్టి బాల్చీతో వచ్చి, పదిహేనేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని లేపింది. "రా, నిచ్చెన పట్టుకో. చేతులు ఖాళీగా ఉంటే మనసు ఊరుకోదు," అంది. మట్టి ఎంత పులియాలో, గడ్డి ఎంత పడాలో అన్నీ లుగార్దా నేర్పినవే. ఊళ్ళోవాళ్ళు తమ గోడల మీద విదాల్ కూతురి చెయ్యి పడటానికి ఒప్పుకోకపోతే, అయితే నేనూ రానని మొండికేసింది. పెద్దమ్మ పెళ్ళి దగ్గరుండి చేయించింది. మొగుడు ఎలోయ్ యుద్ధానికి వెళ్ళి ఫిలిప్పీన్స్‌లో చనిపోతే, కూతురు రొసెండా పెద్దయ్యే దాకా ఆ పొయ్యి ఆరకుండా చూసింది. లుగార్దా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, గోడలు ఎదురు మాట్లాడవు కదా అనేది.

1976లో నేను మా ఊరి పాలన చూసే గవర్నరు ఆఫీసులో టైపు పనిలో ఉన్నాను. తూర్పున ఏదో నగరంలోని మ్యూజియం నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో నల్లగుడ్డాయన ఫోటోలు, గాజు పలకల నుంచి కొత్తగా తీసిన ప్రతులు అరవై పైచిలుకు. ఫోటోల కింద "కుండతో స్త్రీ", "వృద్ధుడు", "పిల్లలు, రొట్టెల పొయ్యి" అని తప్ప ఎవరి పేరూ లేదు. పేర్లు మీరు చెప్పండని ఉత్తరం రాశారు. ఆట ఫోటోలు నాలుగు వేరే కవరులో అంటించి, వీటిని ఏం చేయమంటారో మీ ఇష్టమన్నారు.

అప్పటి గవర్నరు అవెలీనో. పెద్దమ్మ కన్నా చిన్నవాడు, చాలా నెమ్మది. ఆ రోజుల్ని చూసిన వాళ్ళని పిలిపించాడు. ముగ్గురు ముసలాళ్ళు, లుగార్దా, పెద్దమ్మ. ఒక్కొక్క ఫోటో బల్ల మీద పెడుతుంటే వాళ్ళు పేరు చెప్పేవాళ్ళు, నేను టైపు చేసేదాన్ని. మొదట్లో సరదాగానే ఉంది. ఫలానా వాడికి అప్పుడు జుట్టుండేదా అని ఒకరంటే, జుట్టుండేది గానీ దువ్వెన లేదని ఇంకొకరు. కానీ పేర్లు పెరుగుతున్న కొద్దీ గది మారిపోయింది. బల్ల నిండా చచ్చిపోయినవాళ్ళు. అందరూ మా వైపే చూస్తున్నారు. కిర్రుమనే కుర్చీని కూడా ఎవరూ కదపడం లేదు.

ముప్పయ్యోదో ఎన్నోదో ఫోటోలో ఒకావిడ మోకాళ్ళ మీద వంగి మొక్కజొన్న విసురుతోంది. లుగార్దా దాని మీద అరచెయ్యి పెట్టింది. తీయలేదు.

"మా అమ్మ," అంది.

అవెలీనో ఆట ఫోటోల కవరు విప్పాడు. వాటిని ముందు ముసలాళ్ళే చూశారు. చూస్తూ చూస్తూ ఒకాయన ఒక ఫోటో దగ్గర ఆగి ఏదో గొణిగాడు. అవెలీనో లేచి ఆ ఫోటో పెద్దమ్మ ముందుకి తెచ్చాడు.

"అక్కా, నువ్విది చూడాలి. చూడనంటే వద్దు."

కార్డు మీద కోసి వేసిన బొమ్మే అది, కానీ ఇది కోయకముందుది. ఆటగాళ్ళు, వాళ్ళ వెనక డప్పు, డప్పు చుట్టూ పాటగాళ్ళు, మైదానానికి అవతల ఇళ్ళూ మిద్దెలూ. పాటగాళ్ళందరి కళ్ళూ కిందికి ఉన్నాయి. ఒక్కడే నోరు పాటలో తెరుచుకుని, తల ఎత్తి, సూటిగా కెమెరాలోకి చూస్తున్నాడు. నేను విదాల్‌ని ఎరగను. అయినా అడగక్కర్లేకపోయింది. పెద్దమ్మ కనుబొమలే అవి.

పెద్దమ్మ ఆ మొహాన్ని కాసేపు చూసి, తర్వాత గోడల్ని చూడటం మొదలుపెట్టింది. ఆమె పని అదే కదా. దూలాలు, నిచ్చెనలు, నీడలు, ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోయింది.

"ఇది పైనుంచి తీసింది," అంది. "మాది ఒకటే అంతస్తు." వేలు ఫోటో పైఅంచు దగ్గర ఆగింది. "ఇదిగో మా ఇల్లు. కిటికీ కూడా ఉంది. మిద్దె మీద అమ్మ. ఒళ్ళో ఉన్నది నేను."

దక్షిణం వైపున్న ఆ ఇల్లు ఎదురుగా కనపడాలంటే కెమెరా ఉత్తరం వైపు ఉండాలి. ఉత్తరం వైపు రెండంతస్తుల ఇల్లు ఆ రోజుల్లో ఒకటే. ఫెర్మీన్ ఇల్లు. అది వానలకి కూలి చాలా ఏళ్ళయింది గానీ, గదిలో ఉన్న ముసలివాళ్ళందరికీ తెలుసు. ఎవరూ లుగార్దా వంక చూడలేదు.

తల్లి ఫోటో మీదినుంచి చెయ్యి తీయకుండానే లుగార్దా చెప్పింది. "మా నాన్నకి తెలీదు. నేనే అతన్ని పైకెక్కించాను."

అప్పుడు ఆమెకి పంతొమ్మిదేళ్ళు. సాంతా ఫేలో బడికెళ్ళి ఇంగ్లీషు నేర్చుకుని వచ్చింది. ఆడపిల్ల ఇంగ్లీషుని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వసంతంలో నల్లగుడ్డాయన ఆమె తల్లిని ఫోటో తీశాడు. ఎండలు ముదిరేసరికి తల్లి జ్వరంతో పోయింది. కోతల తర్వాత వచ్చినప్పుడు లుగార్దా అతన్ని అడిగింది, ఆ ఫోటో ఒకటిమ్మని. ఇస్తాను, ఆట రోజు ఒక్క పూట మీ పై గదిలో కూర్చోనివ్వు అన్నాడు. విదాల్ స్టేషన్‌లో దింపాక, ఒక పెట్టె మోసుకుని నడిచి వెనక్కొచ్చాడు. ఊరు లేవకముందే లుగార్దా అతన్ని నది ఒడ్డు నుంచి తెచ్చి, మొక్కజొన్న పోసే గదిలో కూర్చోబెట్టింది. తల్లి ఫోటో పంపిస్తానన్నాడు. పంపలేదు. ఆమె యాభై రెండేళ్ళు ఆ మొహం చూడలేదు. చూసింది ఆ రోజే, అర్ధగంట కిందట.

"మా నాన్న చూశాడా నిన్ను?" అని అడిగింది పెద్దమ్మ.

"నల్లగుడ్డాయన వెనక నిలబడ్డాను. మీ నాన్న ఇద్దర్నీ చూశాడు. పాట ఆపలేదు."

"నిన్ను చూసి కూడా చెప్పలేదని నీకు తెలుసా?"

"తెలుసు. రోజూ నీళ్ళ దగ్గర ఎదురుపడేవాడు. తల్లి లేని పిల్లవి, జాగ్రత్త అనేవాడు. అంతే."

పెద్దమ్మ లేచి శాలువా కప్పుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. లుగార్దాతో కాదు, ఎవరితోనూ కాదు, ఆ ఫోటోతో అన్నట్టే అంది.

"వాళ్ళ పిల్లని కాపాడాడు. సరే. మరి నేనెవరి పిల్లని?"

ఆ ఏడు పండుగకి చర్చి గోడలు రెండు చివర్ల నుంచి మెత్తుకొచ్చారు. ఒక చివర పెద్దమ్మ, ఇంకో చివర లుగార్దా. మధ్యలో మూరెడు గోడ మిగిలితే ఇద్దరూ దిగి వెళ్ళిపోయారు. దాన్ని నేను మెత్తాను.

పాటగాళ్ళ పెద్దాయన ఇద్దరు మనుషులతో పెద్దమ్మ ఇంటికొచ్చాడు. పొరపాటు జరిగిందని ఒప్పుకున్నాడు. విదాల్ పాటలు మళ్ళీ పాడతామన్నాడు. తీరా చూస్తే ఎవరికీ గుర్తులేవు. తొంభై ఏళ్ళ ఒక ముసలాయనకి ఒకే ఒక్క పాట, అదీ సగం వచ్చింది. ఆ సగమే ఆమె వాకిట్లో నిలబడి పాడారు. పెద్దమ్మ వాళ్ళకి ఎర్రమిరప కూర వడ్డించింది. తర్వాత మా అమ్మతో అన్నది ఇది. ఆ పాట విన్నప్పుడు తనకి సంతోషం వేయలేదట. నాన్న తప్పు చేశాడని నమ్మి, చావు దగ్గర ఏడవలేదట తను. ఇప్పుడు ఏడుద్దామంటే, ఆయన చూస్తున్నాడట.

"ఎటు తిరిగినా ఆ కళ్ళేనే. ఫోటోలోంచి కెమెరాని కాదు చూసింది, నన్ను. నమ్మావు కదే అంటున్నట్టుంది."

లుగార్దా రెండుసార్లు ఆమె వాకిలి దాకా వచ్చింది. మొదటిసారి పెద్దమ్మ తలుపు తీయలేదు. రెండోసారి తీసింది. నేను లోపలే ఉన్నాను. లుగార్దా క్షమించమని అడగలేదు. తల్లి ఫోటో ఉన్న కాగితం మడిచి చేతిలో పెట్టుకుని, దీన్ని కాల్చెయ్యమంటే కాల్చేస్తానంది.

"ఉంచుకో. దాని ఖరీదు మా నాన్న కట్టాడు," అంది పెద్దమ్మ. మళ్ళీ, కాస్త తగ్గి, "లోపలికి రా, చలి," అంది. లుగార్దా రాలేదు. తర్వాత రెండేళ్ళకి పోయింది. పూడ్చిన రోజు పెద్దమ్మ తెల్లారకముందే పొయ్యి రాజేసి, రెండు వాయిలు రొట్టెలు కాల్చి ఆ ఇంటికి పంపింది. తను వెళ్ళలేదు. ఆ మధ్యాహ్నం నేను వెళ్ళి చూస్తే, పెరట్లో ఎవరికీ అక్కర్లేని మట్టి తొక్కుతోంది.

ఆట ఫోటోల గాజు పలకలు నాలుగూ మాకు తిరిగివ్వమని గవర్నర్లు ఒకరి తర్వాత ఒకరు రాస్తూనే వచ్చారు. 1984లో వచ్చాయి, కర్రపెట్టెలో, ఊక మధ్య. ఏం చెయ్యాలో పెద్దలకి అనుమానం లేదు. పగలగొట్టి, చెప్పకూడని చోట పూడ్చాలి. ప్రతులూ కాల్చాలి. అయితే ఒక చిక్కుంది. విదాల్ పినో బొమ్మ ఈ లోకంలో వాటిలో ఒక పలక మీద తప్ప ఇంకెక్కడా లేదు. నల్లగుడ్డాయన అతని ఇంట్లో నెల్లాళ్ళు తిన్నాడు గానీ అతన్ని ఒక్కసారీ కూర్చోబెట్టి తీయలేదు.

అప్పటి గవర్నరు వయసులో చిన్నవాడు, మంచి మనసు. ప్రతిలోంచి ఆ ఒక్క మొహం కత్తిరించి ఉంచుకోమని పెద్దమ్మకి కబురు పెట్టాడు. దానికి ఎవరూ అడ్డు చెప్పరన్నాడు. కబురు తీసుకెళ్ళింది నేనే. 

"కత్తిరిస్తే ఆ నోట్లో ఉన్న పాట ఎక్కడికి పోతుంది?" అంది పెద్దమ్మ. "అది ఆ ఆటది. ఆయనొక్కడిదీ కాదు. తీసుకెళ్ళమను."

ఒక్కసారి చూస్తావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. మగవాళ్ళు పెట్టె ఎత్తుకుని ఊరు దాటుతుంటే, మిద్దె మీద ఆరబెట్టిన నీలి మొక్కజొన్నలు తిరగేస్తూ ఉండిపోయింది. తిరిగొచ్చినవాళ్ళు చేతులు కడుక్కుంటున్నప్పుడు మాత్రం కిందికి దిగి, గాజు ఎవరికైనా గుచ్చుకుందా అని అడిగింది.

తర్వాత ఏడేళ్ళు బతికింది. ఆ కళ్ళు పోలేదనేది. పైపెచ్చు, పలక పగిలాక వాటికి ఉండే చోటు లేక తన దగ్గరికే వచ్చేశాయనేది. నవ్వుతూ చెప్పినా, సాయంత్రాలు ఒంటరిగా కూర్చునేది కాదు.

చివరి ఎండాకాలం నన్ను పిలిచి, నీ దగ్గర ఫోటోలు తీసేది ఉందా అని అడిగింది. ఆమె జీవితంలో ఎవరినీ తన బొమ్మ తీయనివ్వలేదు. పండుగకి వచ్చే పట్నంవాళ్ళు పొయ్యి దగ్గర కెమెరా ఎత్తితే రొట్టెల చెక్కపార ఎత్తేది. ఇప్పుడు రొసెండా కోసం ఒకటి కావాలంది. నేను లేనప్పుడు వాళ్ళు నా మొహం ఎవర్నీ బతిమాలి అడుక్కోకూడదంది.

ఇంట్లోనే, తలుపు గడియ పెట్టి, దీపం కింద స్టూలు మీద కూర్చోబెట్టాను. కొత్త శాలువా కప్పుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, గోళ్ళలో మట్టి అలాగే ఉంది.

"ఇటు చూడు పెద్దమ్మా," అన్నాను.

"చూడను. నువ్వు తియ్యి."

మూడు తీశాను. మూడింట్లోనూ ఆమె చూపు తన చేతుల మీదే ఉంది. అవి ఇప్పుడు ఆల్బకర్కీలో రొసెండా దగ్గరున్నాయి, బట్టల సొరుగు అడుగున, గుడ్డలో చుట్టి. గోడకి తగిలించడానికి ఆమెకి మనసొప్పలేదట.